లాడ్జ్ సెనెకా: 1614 అచ్చా, 1620 అచ్చా?

పాతపుటలు: రోమన్ తత్వవేత్త సెనెకా లాటిన్ వచనమంతా ఇంగ్లీషులోకి తెచ్చిన థామస్ లాడ్జ్ వృత్తిరీత్యా వైద్యుడు. లండన్‌లో విలియం స్టాన్స్‌బీ ఆ అనువాదాన్ని 1614లో ఫోలియోగా, అంటే కాగితాన్ని ఒక్కసారే మడిచి కట్టిన పెద్ద పుస్తకంగా అచ్చువేశాడు. 1620లో మళ్లీ వచ్చింది. ఒక్కటే కొనగలిగితే ఏది కొనాలి?

తొలిముద్ర: 1614దే, సందేహం అక్కర్లేదు. ఇంగ్లీషు పాఠకుడి చేతికి సెనెకా మొదట అందింది ఆ రూపంలోనే. అందులోని తప్పులు కూడా చరిత్రే.

మార్జిన్: మొదట అందింది అప్పుడు కాదండి. ఉపకారాల మీద సెనెకా రాసిన గ్రంథాన్ని ఆర్థర్ గోల్డింగ్ 1578లోనే అనువదించాడు. ఇంకా పాతది కావాలంటే దాన్ని వెతకండి. లాడ్జ్ కావాలంటే మాత్రం 1620. కొత్తగా పెంచి సరిదిద్దినట్టు ముఖపత్రం మీదే వేశారు. 1625లో పోయిన మనిషి తన చేత్తో దిద్దుకున్న పాఠాన్ని పక్కన పెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

కాగితంపిచ్చి: ఏడాది సంగతి తర్వాత, ముందు ప్రతి నిండుగా ఉందో లేదో చూడండి. రెండు మూడు చిరుగు ప్రతుల ఆకులు కలిపి ఒకటిగా కట్టి అమ్మడం పాత అలవాటు. ఆ కాలపు లండన్ ఫోలియోల్లో చాలావాటికి కట్టకు ఆరు ఆకులు: మూడు కాగితాలు మడిచి ఒకదాంట్లో ఒకటి దూర్చినవి. కాబట్టి 1–6, 2–5, 3–4 జంటలు. ఒక్కో కాగితానికి సాధారణంగా ఒకటే వాటర్‌మార్క్ (వెలుతురుకు పట్టి చూస్తే కాగితంలో కనిపించే గుర్తు), అదీ ఒక సగం మధ్యలో. జంటలో రెండు ఆకులకీ అది ఉన్నా, రెండింటికీ లేకపోయినా ఒక ఆకు బయటినుంచి వచ్చిందేమోనని అనుమానించండి. అక్షరాలు దట్టంగా ఉంటే కంటికి ఆనదు. ఆకు వెనక పల్చటి ఎల్‌ఈడీ పలక పెట్టి చూడాలి. పురుగు తొలిచిన రంధ్రం వరసగా వస్తూ మధ్యలో ఒక్క ఆకును దాటేసిందంటే ఇక రుజువు వేరే అక్కర్లేదు.

తొలిముద్ర: ముఖపత్రం నకలైతే?

కాగితంపిచ్చి: అతినీలలోహిత దీపం కింద ఇప్పటి కాగితం తరచు నీలంగా మెరుస్తుంది. పాత ఖాళీ ఆకు మీద తీసిన నకలు మెరవదు, అక్కడే మోసపోతారు. లోహపు అచ్చుతో వేసిన చోట కాగితం నొక్కుకుని ఉంటుంది. ఏటవాలు వెలుతురులో తెలుస్తుంది. కాకపోతే బ్లీచింగ్‌తో కడిగి అదిమేసిన ఆకులో ఆ నొక్కూ పోతుంది, కాగితం గుడ్డలా మెత్తబడుతుంది.

మార్జిన్: అందుకే అంటున్నా, అతుకుల 1614 కన్నా నిండు 1620 మేలు.

తొలిముద్ర: ఒక ఆకు నకలైనా నాకు 1614యే. కానీ అది ఏ ఆకో అమ్మేవాడు రసీదులో రాసివ్వాలి.