సింగపూర్ వెళ్ళి కూడా దోసె తినాలా?

గోదావరి ఒడ్డు (ప్రశ్న)
వచ్చే నెల విశాఖ నుంచి సింగపూర్ వెళ్తున్నాము. మూడు పగళ్ళే ఉంటాము. నేను, మా వారు, అమ్మ, నాన్న. అమ్మ గుడ్డు కూడా ముట్టదు, పైగా షుగరు ఉంది. నాన్న చేప, రొయ్య ఏదైనా ఇష్టంగా తింటారు. ట్రావెల్స్ వారు ఇచ్చిన కాగితంలో మూడు రోజులూ, రెండు పూటలూ ‘భారతీయ భోజనం’ అని ఉంది. మా వారికి అది నచ్చలేదు. “పప్పన్నం కోసం అంత దూరం విమానంలో వెళ్ళాలా?” అంటున్నారు. “కడుపు కాలుతుంటే ఏ వింత కంటికి ఆనుతుంది?” అని అమ్మ. ఇద్దరి మాటా నిజమే అనిపిస్తోంది. వెళ్ళి వచ్చినవారు చెప్పండి.

తూర్పుగాలి
మీ వారి మాటే నా మాట. సింగపూర్‌లో ఎత్తయిన భవనాలు ఎవరైనా చూస్తారు. ఆ ఊరి మనుషులను చూడాలంటే హాకర్ సెంటర్‌కే వెళ్ళాలి. ఒకప్పుడు రోడ్డు పక్కన బండ్ల మీద తిండి అమ్ముకునేవారికి ప్రభుత్వం కప్పు, నీళ్ళు, మురుగు కాలువ ఏర్పాటు చేసి ఒకచోటికి చేర్చింది. అలాంటివి ఇప్పుడు నూటికి పైగా ఉన్నాయి. 2020 డిసెంబరులో యునెస్కో ఈ సంస్కృతికి తన వారసత్వ జాబితాలో చోటిచ్చింది.

నేను మాక్స్‌వెల్ అనే హాకర్ సెంటర్‌లో మధ్యాహ్నం పన్నెండున్నరకు కూర్చున్నాను. ఖాళీ బల్ల మీద కాగితపు రుమాళ్ళ పొట్లం ఒకటి ఉంది. ఎవరో మరిచిపోయారనుకున్నాను. “ఈ చోటు నాది” అని దాని అర్థమట. పొట్లం పెట్టి వరుసలో నిలబడిన ఆఫీసు ఉద్యోగి తన ఎదుటి కుర్చీ చూపించి నన్ను కూర్చోమన్నాడు. తిన్నాక పళ్ళెం ఎక్కడ పెట్టాలో కూడా అతనే చెప్పాడు, అక్కడ పళ్ళెం బల్ల మీద వదిలి వెళ్ళడం తప్పు. ఆ అరగంట ఏ టికెట్టు కొన్నా దొరకదు. మూడు రోజులూ బస్సు దిగి పనీర్ కూర తిని మళ్ళీ బస్సెక్కితే ఆ ఊరిని అద్దంలోంచి చూసినట్టే.

పచ్చి కూరగాయ
తూర్పుగాలి గారూ, మీరు అన్నీ తింటారు కాబట్టి అంత తేలికగా చెప్పగలిగారు. మా అత్తగారితో వెళ్ళినప్పుడు జరిగింది చెబుతాను. చికెన్ రైస్ అమ్మేచోట “అన్నం ఒక్కటే ఇవ్వండి” అని అడిగి, ఇంటి నుంచి తెచ్చిన ఊరగాయతో ఆవిడకు పెట్టాను. ఆ అన్నాన్ని కోడి ఉడికించిన నీళ్ళలోనే వండుతారని ఆ రాత్రి తెలిసింది. మరుసటి రోజు ఆకుకూర వేపుడు కనిపించింది, మన తూటికూరే. అడిగితే అందులో పులియబెట్టిన రొయ్యల ముద్ద వేస్తారని తేలింది. మోసం చేద్దామని కాదు, అక్కడ అది మనకు ఇంగువలాంటిది. కానీ ఆవిడ ఆ తర్వాత పండ్లు, బ్రెడ్డు తప్ప ఏదీ నమ్మలేదు. అరవై ఏళ్ళ నియమం నా చేతులతో తప్పించానన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు. ఎవరి సరదా కోసమైనా పెద్దవాళ్ళను ఆ స్థితిలోకి నెట్టకండి.

బాటసారి
వేళకు మందులు, వేళకు తిండి, దగ్గరలో శుభ్రమైన మరుగుదొడ్డి. పెద్దవాళ్ళతో ప్రయాణమంటే ఈ మూడే. పైగా హాకర్ సెంటర్లలో చాలావాటికి ఏసీ ఉండదు, ఫ్యాన్లే. ప్యాకేజీయే మంచిది. ఒక్క మాట మాత్రం ముందే రాయించుకోండి: రాత్రి భోజనం ఎన్ని గంటలకు అన్నది. మమ్మల్ని తీసుకెళ్ళినవారు సరిగ్గా ఏడున్నరకు భోజనానికి కూర్చోబెట్టారు. గార్డెన్స్ బై ద బే తోటలో సూపర్ ట్రీల (చెట్ల ఆకారంలో కట్టిన ఎత్తయిన కట్టడాలు) వెలుగుల ప్రదర్శన 7.45కు ఒకటి, 8.45కు ఒకటి. రెండూ పోయాయి. అది ఉచితం కూడా.

సెరంగూన్ పక్కవీధి
పద్నాలుగేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను. మీ అందరి మాటల్లోనూ ఒక పొరపాటు ఉంది. ఇక్కడి భారతీయుల పేట లిటిల్ ఇండియాలో తినడమంటే సింగపూర్‌ను తప్పించుకుని మన ఊరికి వెళ్ళిపోవడమని అనుకుంటున్నారు. నాకు అక్కడే బాధగా ఉంది.

లిటిల్ ఇండియా మెట్రో స్టేషను పక్కనే టెక్కా సెంటర్ ఉంది. అదీ హాకర్ సెంటరే. ఒకవైపు చేపల, కూరగాయల సంత, ఇంకోవైపు తిండి. దోసె పెనం ముందు మలయ్ కుటుంబం, చైనీయ ముసలాయన, తమిళ కూలీలు ఒకే వరుసలో ఉంటారు. ఇక్కడి ‘ప్రాటా’ మన పరోటా నుంచి వచ్చిందే కానీ తెల్లవారుజామున చేపల పులుసుతోనో పప్పు పులుసుతోనో తినడం ఈ ఊరి అలవాటు. చేప తలకాయ కూర కేరళ నుంచి వచ్చిన వంటవాడు తలకాయను ఇష్టపడే చైనీయుల కోసం మొదలుపెట్టినదని చెబుతారు. ఇవి ఇండియా వంటలా, సింగపూర్ వంటలా? కోమల విలాస్ సెరంగూన్ రోడ్డులో 1947 నుంచి దోసెలు వేస్తోంది, ఈ దేశం ఏర్పడింది 1965లో. అక్కడ అరిటాకు ముందు కూర్చున్నవారిని “సింగపూర్ చూడలేదు” అనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అలాగని ప్యాకేజీ భోజనాన్ని సమర్థించను. అది దేశమేదైనా ఒకే పనీరు, ఒకే పసుపు పప్పు. మా బంధువులు వచ్చినప్పుడల్లా ఆ కూపన్లు వద్దనిపిస్తాను.

అమ్మగారి కోసం ఇంకో చోటు చెబుతాను. వాటర్లూ వీధిలో గ్వాన్‌యిన్ అమ్మవారి గుడి ఉంది, కొన్ని అడుగుల దూరంలో కృష్ణుడి గుడి. చైనీయ భక్తులు అమ్మవారికి మొక్కి, ఇటు వచ్చి కృష్ణుడి ముందు కూడా అగరువత్తులు పట్టుకుని కళ్ళు మూసుకుని నిలబడతారు. ఆ చుట్టుపక్కల బౌద్ధుల శాకాహార దుకాణాలు ఉన్నాయి. బోర్డు మీద 素 అనే అక్షరం చూసుకోండి, శాకాహారమని దాని అర్థం. ఉల్లి, వెల్లుల్లి కూడా వేయని చోట్లు దొరుకుతాయి. కొన్నిచోట్ల గుడ్డు వాడతారు, అది మాత్రం అడగాలి. సోయాతో, గోధుమ పిండితో మాంసంలా కనిపించే ముక్కలు చేస్తారు, అమ్మగారు ఉలిక్కిపడకుండా ముందే చెప్పండి.

తూర్పుగాలి
పచ్చి కూరగాయ గారి బాధ చదివాక నా మాట తీరు మార్చుకోవాలనిపించింది. అన్నం సంగతి నాకు నిజంగా తెలియదు. కానీ సెరంగూన్ గారూ, మన వారిలో చాలామంది టెక్కాను టెక్కాగా చూడరు. “అమ్మయ్య, మన తిండి దొరికింది” అని తిని, ముస్తఫా అంగడిలో సామాన్లు కొని గదికి వెళ్ళిపోతారు. అందుకే కనీసం నాన్నగారినైనా ఒక పూట చైనాటౌన్ తీసుకెళ్ళమంటాను. మాక్స్‌వెల్ దగ్గరలోనే 1827లో మొదలైన మారియమ్మ గుడి ఉంది. పగోడాలా కనిపించే ఆ గోపురం వల్లనే పక్క వీధికి పగోడా స్ట్రీట్ అని పేరు వచ్చింది. చైనాటౌన్ నడిమధ్య తమిళుల గుడి, ఈ ఊరికి అంతకంటే మంచి పరిచయం లేదు.

గోదావరి ఒడ్డు
అందరికీ కృతజ్ఞతలు. అమ్మకు మొత్తం చదివి వినిపించాను. కృష్ణుడి గుడి దగ్గర ఆగి, ఆ చైనీయ భక్తుల సంగతి రెండోసారి చదవమంది. ట్రావెల్స్ వారికి ఫోను చేసి భోజనాలు తీసేయమన్నాము, డబ్బు కొంతే తగ్గిస్తారట, అయినా సరే అన్నాము. మొదటి రోజు టెక్కా, సాయంత్రం వెలుగుల ప్రదర్శన. రెండో రోజు తెల్లవారగానే బొటానిక్ గార్డెన్స్, మధ్యాహ్నం వాటర్లూ వీధి. మూడో రోజు అమ్మ, నేను మారియమ్మ గుడిలో ఉంటే నాన్న, మా వారు మాక్స్‌వెల్‌లో తింటారు. ఇక ఒక్కటే మిగిలింది. అమ్మకు పొద్దున కాఫీ లేకపోతే తలనొప్పి. పంచదార లేని పాల కాఫీ ఏమని అడగాలి?

సెరంగూన్ పక్కవీధి
‘కోపీ సి కొసోంగ్’ అనండి. ఉత్త ‘కోపీ’ అంటే తీపి గట్టిపాలు పోసి ఇస్తారు, షుగరు ఉన్నవారికి పనికిరాదు. ‘సి’ అంటే తీపి లేని చిక్కని పాలు, ‘కొసోంగ్’ అంటే పంచదార వద్దని. పొడుగాటి గుడ్డ సంచిలో వడపోసి ఇస్తారు, మన ఫిల్టర్ కాఫీ కంటే చేదు ఎక్కువ. మొదటి రోజు సగం గ్లాసు నీళ్ళు పక్కన పెట్టుకోమనండి.