నాన్నగారి అంబాసిడర్ వెనకభాగం రెండంగుళాలు దించవచ్చా?

పర్లాకిమిడి అంబాసిడర్:

అందరికీ నమస్కారం. మా ఇంట్లో 1974 నాటి మార్క్ 2 అంబాసిడర్ ఉంది. మొదట్లో అది టాక్సీ. పర్లాకిమిడి నుంచి మోహన, తప్తపాణి ఘాటీ మీదుగా బరంపురానికి జనాన్నీ బస్తాలనూ మోసిన బండి. 1991లో నాన్నగారు కొన్నారు. ఆయన పోయి రెండేళ్ళయింది. ఈ ఏడాది ఇంజన్ విప్పించి బాగు చేయించాను, సీట్లు కుట్టించాను. ఇక మిగిలింది అది నిలబడే తీరు. వెనక లేచి, ముందు వంగి, మేత మేస్తున్న గేదెలా ఉంటుంది. పాత ఫొటోల్లో అంబాసిడర్లు ఇలా కనిపించవు, నేలకు సమంగా ఉంటాయి.

బరంపురంలో ఒక షాపువాళ్ళు కమానుకూ (వెనక బరువు మోసే ఉక్కు ప్లేట్ల కట్ట) ఇరుసుకూ మధ్య రెండంగుళాల ఇనుప దిమ్మలు పెడితే చాలు, ఒక పూట పని అన్నారు. మా ఊరి మెకానిక్ దిమ్మలు వద్దు, ఒక ప్లేటు తీసేద్దాం అంటున్నాడు. ఇంకొకాయన అసలు ముట్టుకోవద్దన్నారు. అమ్మకు డెబ్బై రెండేళ్ళు, ఎప్పుడూ వెనక సీట్లోనే కూర్చుంటుంది. ప్రతి శివరాత్రికీ ఈ బండిలోనే శ్రీముఖలింగం వెళ్తాం. అందం కోసం ఆమె నడుముకు కష్టం తేవడం నాకు ఇష్టం లేదు. చేయించి బాగుపడినవాళ్ళూ, చేయించి ఇబ్బంది పడినవాళ్ళూ ఇద్దరూ చెప్పండి.

బరంపురం పద్మిని:

అన్నయ్యా, ధైర్యంగా దించండి. నాది 1985 ప్రీమియర్ పద్మిని. ముందూ వెనకా ఒకటిన్నర అంగుళం దించి ఆరేళ్ళయింది. గోపాలపురం రోడ్డులో వెళ్తుంటే మనుషులు ఆగి చూస్తారు. అందం సంగతి అలా ఉంచండి, బరువు నేలకు దగ్గరైతే మలుపులో బండి తక్కువ ఒరుగుతుంది. తప్తపాణి ఘాటీ దిగేటప్పుడు ఆ తేడా చేతికి తెలుస్తుంది. దిమ్మలతో ఇంకో లాభం, కమాను ప్లేట్లను ముట్టుకోనక్కర్లేదు. రేపు నచ్చకపోతే విప్పేస్తే బండి మళ్ళీ పాతదే. ప్లేటు తీయడం కంటే ఇదే నయం.

రాయగడ మేస్త్రి:

బాబూ, నేను నలభై ఏళ్ళుగా కమాన్ల పని చేస్తున్నాను. లారీలవి ఎక్కువ, అంబాసిడర్లవీ చాలానే చేశాను. దించాలా వద్దా అని అడిగే ముందు అది ఎందుకు లేచిందో చూసుకో. కంపెనీ దాన్ని అలా పంపలేదు. ఘాటీ మీద తిరిగే టాక్సీలకు వెనక ఒక ప్లేటు అదనంగా వేయించుకోవడం ఆ రోజుల్లో మామూలు. నా చేత్తో నేనే ఎన్నో బళ్ళకు వేశాను. చేతికి దొరికిన జీపు ప్లేటో, చిన్న లారీ ప్లేటో కోసి వేసేవాళ్ళం. నీ బండిలో అలాంటిది ఉంటే అది మందంలోనే తెలిసిపోతుంది. ప్లేటు మందం రెట్టింపైతే గట్టిదనం రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. అందుకే తెచ్చి వేసిన ఒక్క ప్లేటు బండినంతా ఎత్తి పట్టుకుంటుంది, ఖాళీగా వెళ్తే ఎగరేస్తుంది. మీ అమ్మగారి నడుముకు ఇప్పటికే కష్టం ఉండి ఉంటుంది, అడుగు.

రెండో సంగతి ముందుభాగం. అంబాసిడర్‌కు ముందు కమాన్లు ఉండవు, చుట్ట స్ప్రింగులూ ఉండవు. టార్షన్ బార్లు ఉంటాయి. పొడవాటి ఉక్కు కడ్డీలు. చక్రం పైకి లేస్తే కడ్డీ మెలి తిరుగుతుంది, ఆ మెలే స్ప్రింగు పని చేస్తుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ కడ్డీలు కుంగుతాయి. ముందు ఒక అంగుళం కుంగితే వెనక లేచినట్టు కనిపిస్తుంది. అలాంటి బండికి వెనక దిమ్మలు పెడితే బాగున్న చోటును పాడు చేసి, పాడైన చోటును వదిలేసినట్టే.

ఇక దిమ్మల గురించి. కమాను ఇరుసు కింద ఉండే బళ్ళలో దిమ్మ ఎంత ఎత్తు ఉంటే బండి అంత దిగుతుంది, లెక్క సులువే. కానీ కమాను బరువు మోయడం ఒక్కటే కాదు చేసేది. మొదటి గేరులో గట్టిగా లాగినా, బ్రేకు నొక్కినా ఇరుసు తన చుట్టూ తాను తిరగబోతుంది. దాన్ని పట్టి ఆపేది ఈ కమానే, వేరే కడ్డీ ఏదీ లేదు. మధ్యలో రెండంగుళాల దిమ్మ పెడితే ఆ మెలికకు పట్టు దొరుకుతుంది. ఘాటీలో ఎత్తుకు లాగేటప్పుడు కమాను ఎస్ అక్షరంలా వంగి వదులుతుంది, వెనక నుంచి టకటకమని దెబ్బలు వినిపిస్తాయి. ఇంజన్ బలాన్ని వెనక ఇరుసుకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్లు అరిగేది అక్కడే. చేసే తీరాలంటే దిమ్మ కింది గుంటలో, ప్లేట్లన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టు తల కూర్చోవాలి, దిమ్మ పై ముక్కు ఇరుసు సీటులో కూర్చోవాలి, కమానును ఇరుసుకు బిగించే యూ బోల్టులు కొత్తవి పొడవైనవి వేయాలి. చెక్క దిమ్మలు, ఒకదాని మీద ఒకటి పెట్టిన దిమ్మలు నేను తీసేయించిన బళ్ళున్నాయి. అవి చూస్తే భయం వేస్తుంది.

ప్లేటు తీయడం కూడా చెప్తాను. ఒకే మందం ఉన్న ఆరు ప్లేట్ల కట్ట అనుకో. ఒకటి తీస్తే గట్టిదనం ఆరో వంతు తగ్గుతుంది, మిగిలిన అయిదింటి మీద ఒత్తిడి ఇరవై శాతం పెరుగుతుంది. కంపెనీ ప్లేటు తీస్తే నష్టం అది. ఎవరో తర్వాత వేసిన ప్లేటు తీస్తే నష్టం లేదు. ఈ రెండింటి తేడా చూడకుండా ఎవరు ప్లేటు తీస్తామన్నా ఒప్పుకోకు. కమాను వంపు తగ్గించాలని గ్యాసు మంట పెడతామన్నా పంపించెయ్. ఎర్రగా కాల్చిన చోట ఉక్కు పదును పోతుంది. మళ్ళీ నూనెలో ముంచి పదును పెట్టగలిగిన చోటైతే వేరే మాట. లేకపోతే చల్లగా ఉండగానే సుత్తితో కొట్టి వంపు సరిచేయాలి, దాన్నే సెట్టింగ్ అంటాం.

జయపురం హెరాల్డ్:

మేస్త్రి గారి మాటకు ఒకటి చేర్చాలి. వెనక దించితే బండి రోడ్డును పట్టుకుంటుందన్న మాట చాలామందికి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. నా దగ్గర స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది. దానికి వెనక ఒకే అడ్డ కమాను, రెండు పక్కలా విడివిడిగా ఊగే ఇరుసులు. మలుపులో గబుక్కున బ్రేకు వేస్తే వెనక లేచి చక్రం లోపలికి మడుచుకుపోతుంది. అటువంటి బండికి వెనక కాస్త దించితే నిజంగా మేలు. ట్రయంఫ్ కంపెనీ కూడా ఆ లోపాన్ని సరిచేయడానికి 1970లో స్పిట్‌ఫైర్ మార్క్ 4కు కమాను కట్టే పద్ధతినే మార్చింది. అంబాసిడర్, పద్మిని, కాంటెసా అలాంటివి కావు. వాటికి రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు. వెనక ఎంత దించినా చక్రం వంగే తీరు మారదు. హెరాల్డ్‌కు పనికొచ్చిన మందు అంబాసిడర్‌కు వేయకూడదు.

భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి కాబట్టి ఇంకో లెక్క. అంబాసిడర్ ముందు చక్రం నుంచి వెనక చక్రానికి 97 అంగుళాలు. సమంగా ఉన్న బండిని వెనక మాత్రమే రెండంగుళాలు దించితే ఒక డిగ్రీ కంటే కాస్త ఎక్కువ వాలుతుంది. 25 మీటర్ల దూరంలో హెడ్‌లైటు వెలుగు అర మీటరు పైకి లేస్తుంది. సుంకి ఘాటీలో రాత్రిపూట ఎదురొచ్చే లారీ డ్రైవరు కళ్ళలో పడేది ఆ అర మీటరే. దించిన ప్రతివాళ్ళూ ఆ రోజే లైట్లు కూడా సర్దుకోవాలి.

బరంపురం పద్మిని:

లెక్కలు కాదనను మాస్టారూ. కానీ అన్నయ్య బండి ఇప్పుడు సమంగా లేదు కదా, వెనక లేచి ఉంది. దించితే లైట్లు సమానానికి వస్తాయి. మేస్త్రి గారు చెప్పిన టకటక నా బండికి ఈ ఆరేళ్ళలో రాలేదు. నేను దిమ్మలు వేయలేదు లెండి, కమాన్లు సెట్టింగ్ చేయించి, షాకబ్జర్లు పొట్టివి వేయించాను. పాత పొడవువే ఉంచేస్తే అవి లోపలే గుద్దుకుంటాయి. సరిగ్గా చేయిస్తే దించిన బండి ప్రమాదం కాదు అన్నదే నా మాట.

గుణుపురం టాక్సీ:

నేను ఇప్పటికీ రోజూ బండి నడిపేవాణ్ణి. ఒక్కటే చెప్తాను. ఖాళీ బండిని చూసి ఎత్తు నిర్ణయించకండి. వెనక ముగ్గురిని కూర్చోబెట్టి, డిక్కీలో సామాను పెట్టి, అప్పుడు ఇరుసుకూ పైనున్న రబ్బరు బంప్ స్టాప్‌కూ మధ్య ఎంత ఖాళీ ఉందో కొలవండి. ఆ ఖాళీయే మీ ఆస్తి. మూడంగుళాలు ఉన్న చోట రెండంగుళాల దిమ్మ పెడితే మిగిలేది అంగుళం. పుస్తకం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలట. మా దారిలో ఊరివాళ్ళు వేసుకున్నవి జానెడు వెడల్పులో నిటారుగా లేస్తాయి. వాటి మీద ఇరుసు బంప్ స్టాప్‌ను గుద్దితే ఆ దెబ్బ నేరుగా వెనక కూర్చున్నవాళ్ళ వెన్నుకే. మా అమ్మను ఎక్కించుకుని వెళ్ళేవాణ్ణి కాబట్టి గట్టిగా చెప్తున్నా.

ఛత్రపురం వకీలు:

చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పత్రంలో బండి నేల నుంచి ఎంత ఎత్తు అని రాసి ఉండదు కదా అని వాదించవచ్చు. నేనైతే ఆ వాదన మీద బండి పెట్టను.

మీ బండికి యాభై ఏళ్ళు దాటాయి. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ కింద నమోదు చేసుకుని ‘వీఏ’ నంబరు తీసుకోవచ్చు. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్ళ గడువు. ఛాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలో ఉండాలి. అయితే ఆ నంబరు తీసుకుంటే బండిని రోజువారీ పనికి తిప్పకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు పోయించడం, మరమ్మతు లాంటి వాటికే రోడ్డెక్కాలి. శివరాత్రి ప్రయాణం మీకు ముఖ్యమైతే అదీ ఆలోచించుకోండి.

పర్లాకిమిడి అంబాసిడర్:

అందరికీ చేతులెత్తి నమస్కారం. వీఏ నంబరు ఆలోచన మానుకున్నాను, అమ్మ ఎక్కని బండి నాకెందుకు. నిన్న కొలిచాను. కాశీనగర్‌లో తెలిసినవాళ్ళ దగ్గర 1976 మార్క్ 3 ఉంది, కమాన్లు ఎప్పుడూ విప్పలేదు. దాన్నీ మా దాన్నీ ఒకే సిమెంటు గచ్చు మీద పెట్టాం. టైర్లలో గాలి సమానంగా నింపి, రెండు బళ్ళనూ ముందుకూ వెనక్కూ కాస్త దొర్లించి, చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపు పట్టాం. మాది వెనక అంగుళంపావు ఎక్కువ, ముందు ముప్పావు అంగుళం తక్కువ. రెండూ కలిపితే సరిగ్గా ఆ రెండంగుళాలే! కింద పడుకుని చూస్తే వాళ్ళ కమాను కంటే మా కమానులో ఒక ప్లేటు ఎక్కువుంది, మందం కంటికే తెలుస్తోంది. మేస్త్రి గారూ, మీరు బండి చూడకుండానే చెప్పేశారు. అమ్మను అడిగితే, ‘మీ నాన్న ఉన్నప్పటి నుంచీ ఎగురుతూనే ఉంది, బండే అంత అనుకున్నాను’ అంది. ముప్పై ఏళ్ళు ఆవిడ ఆ దెబ్బలు ఓర్చుకుందని తలచుకుంటే మనసు బాగోలేదు.

రాయగడ మేస్త్రి:

అయితే దిమ్మల అవసరం లేదు. ఆ ఒక్క ప్లేటు తీయించు, రెండు పక్కలా. కట్ట విప్పినప్పుడు మిగిలిన ప్లేట్లను బ్రష్షుతో రుద్ది, పగుళ్ళున్నాయేమో సెంటర్ బోల్టు కన్నం దగ్గర బాగా చూడమను. విరిగేది ఎక్కువగా అక్కడే. గ్రాఫైట్ గ్రీజు పట్టించి కట్టమను. యూ బోల్టులు, కమాను చివర ఉండే షాకిల్ బుష్షులు (రబ్బరు గొట్టాలు) కొత్తవి. నట్లు ఆఖరి బిగువు బండి చక్రాల మీద నిలబడ్డాకే. జాకీ మీద ఉండగా బిగిస్తే బుష్షులు మెలిపడి తొందరగా చిరుగుతాయి. 300 కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్ళీ బిగించాలి. ముందు కడ్డీలను వాటి చివర ఉండే గాడి పళ్ళ మీద ఒక్క పన్ను మార్చి లేపించు, తర్వాత చక్రాల అలైన్‌మెంట్ తప్పనిసరి. కడ్డీ విప్పేటప్పుడు దానిలో బలం ఉంటుంది, తెలియనివాళ్ళ చేత ముట్టనీయకు.

బరంపురం పద్మిని:

అన్నయ్య బండికి ఇదే సరైన పని, నా సలహా వెనక్కు తీసుకుంటున్నాను. కొలవకుండా దించమన్నాను, అది నా తప్పు. అయినా దించడమే పాపం అన్న మాటను మాత్రం ఒప్పుకోను. నా పద్మినిలో నలుగురు కూర్చున్నాక కూడా బంప్ స్టాప్ దగ్గర రెండంగుళాలకు పైగా ఖాళీ ఉంది, నిన్న రాత్రే కొలిచి చూశాను.

రాయగడ మేస్త్రి:

అంత ఖాళీ ఉంచి, షాకబ్జర్లు మార్చి, మంట పెట్టకుండా చేయించావంటే నీ మేస్త్రి పని తెలిసినవాడు. నీ బండి మీద నాకు పేచీ లేదు తమ్ముడూ.

పర్లాకిమిడి అంబాసిడర్:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ప్లేటు తీయించాం, ముందు కడ్డీలు లేపించాం. వెనక ఒక అంగుళం దిగింది, ముందు అర అంగుళానికి పైగా లేచింది. నిలబడితే పాత ఫొటోల్లో బండిలాగే ఉంది. హెడ్‌లైట్లు గోడ మీద గీత గీసి సర్దాం. ఆదివారం అమ్మను, పిన్నిని, ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుని గుణుపురం దాకా వెళ్ళొచ్చాం. దారిలో అమ్మ నిద్రపోయింది. వెనక సీట్లో ఆమె నిద్రపోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

ఒక్క సందేహం మిగిలింది మేస్త్రి గారూ. ముందు కుడిపక్క ఎడమ కంటే పావు అంగుళం కిందికి ఉంది. ఆ కడ్డీ ఇంకో పన్ను మార్చమంటారా?

రాయగడ మేస్త్రి:

తొందరపడకు. కుడిపక్క నువ్వు కూర్చునే వైపు, ఏళ్ళ తరబడి ఒంటరి డ్రైవరు బరువు మోసిన కడ్డీ అది. 300 కిలోమీటర్లు తిప్పి, యూ బోల్టులు బిగించే రోజున నువ్వు సీట్లో కూర్చుని ఉండగా కొలిపించు. అప్పటికీ పావు కంటే ఎక్కువ తేడా ఉంటే రాయగడ తీసుకురా, నేనే చూస్తాను. తీసిన ఆ ప్లేట్లు రెండూ పారేయకు, వచ్చేటప్పుడు తీసుకురా. ఎక్కడి ఉక్కో ఒకసారి చూడాలని ఉంది.