లిటిల్ బిగ్‌హార్న్: తెల్లరాళ్ల లెక్క ఎందుకు కుదరదు?

ప్రశ్న: అమెరికాలోని మోంటానాలో, 1876 జూన్ 25న లకోటా, షయాన్ అనే మూలవాసీ తెగలతో జరిగిన లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధంలో అమెరికా సైన్యాధికారి కస్టర్‌తో పాటు చనిపోయింది దాదాపు 210 మంది సైనికులు అంటారు. సైనికులు పడినచోట్లని చూపే పాలరాతి గుర్తులు మాత్రం 250 దాకా ఉన్నాయి. ఎందుకండీ?

జవాబు 1: 1890లో రాళ్లు పాతినప్పుడు, కొన్ని మైళ్ల అవతల కస్టర్ కింది అధికారి రెనో దళంలో పోయినవాళ్లవీ ఇక్కడే పాతేశారు. జంటగా కనిపించే రాళ్ల దగ్గర తవ్వితే చాలాచోట్ల ఒక్క మనిషి ఆనవాళ్లే దొరికాయి. పైగా ఎముకల్ని 1881లోనే కొండమీది గ్రానైట్ స్తంభం దగ్గరికి చేర్చి పూడ్చారు. రాయి ఉన్నంత మాత్రాన కింద సమాధి ఉన్నట్టు కాదు.

జవాబు 2: 1983లో గడ్డి తగలబడ్డాక మెటల్ డిటెక్టర్లతో వెతికారు. తూటా గానీ, పేలాక మిగిలే దాని ఖాళీ తొడుగు గానీ దొరికిన చోట జెండా గుచ్చి, స్థానం కొలిచాకే పైకి తీశారు. తొడుగు మీద ఫైరింగ్ పిన్ (తూటాను పేల్చే సూది) గుర్తులు పోల్చి, ఒక్కో తుపాకీ ఎటు కదిలిందో పట్టుకున్నారు. సైనికుల స్ప్రింగ్‌ఫీల్డ్ తుపాకీలో ఒక్కసారికి ఒక్కటే తూటా. లకోటా, షయాన్ వీరుల దగ్గర మళ్లీ నింపకుండా వరసగా పేల్చగల హెన్రీ, వించెస్టర్ రిపీటర్లు కూడా ఉన్నాయి. రాగి తొడుగులు తుపాకుల్లో ఇరుక్కుపోయి సైనికులు ఓడారన్న వాదన నిలవదు. దొరికిన తొడుగుల్లో, ఇరుక్కుంటే పెకలించి తీసిన గీతలున్నవి బహు తక్కువ.

జవాబు 3: అసలు తగవు బ్లాక్ హిల్స్ అనే కొండల ప్రాంతానిది. 1868 ఒప్పందంలో లకోటాలకు రాసిచ్చారు, 1874లో బంగారం బయటపడింది, 1877లో లాక్కున్నారు. 1980లో సుప్రీంకోర్టు 10 కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఖాయం చేసినా, నేలే కావాలంటూ వాళ్లు ఆ డబ్బు ముట్టలేదు. యుద్ధభూమికున్న కస్టర్ పేరు 1991లో తీసేశారు. లకోటా, షయాన్ వీరులు పడినచోట ఎర్ర గ్రానైట్ రాళ్లు పెట్టడం మాత్రం 1999లో గానీ మొదలవలేదు.