నాపా ట్రిప్‌లో వైన్ టేస్టింగ్: ఉమ్మేస్తే కారు నడపొచ్చా?

వీకెండ్ బాటసారి:
అందరికీ నమస్కారం. వచ్చే నెల శాన్‌హోజే నుంచి కాలిఫోర్నియా వైన్ ప్రాంతాలు నాపా, సోనోమాలకి రెండు రోజుల ట్రిప్ అనుకుంటున్నాం. మేమిద్దరం, ఇంకో జంట. రోజుకి ఎన్ని వైనరీలు పెట్టుకోవచ్చు? రాత్రి నాపాలో ఉండాలా, సోనోమాలోనా? నలుగురికీ రుచి చూడాలని ఉంది. నేను మింగకుండా ఉమ్మేస్తూ ఉంటే డ్రైవింగ్ నేనే చేయొచ్చు కదా? ఫ్రెండ్ వాళ్లావిడ శుద్ధ శాకాహారి, వైన్‌తో ఇబ్బందేమీ ఉండదనుకుంటా.

సిల్వరాడో సుబ్బడు:
శనివారం మధ్యాహ్నం నాపా లోయలో పోయే హైవే 29 జోలికి పోకండి. సెయింట్ హెలీనా దగ్గర ఇరుక్కుంటే అంతే సంగతులు. తూర్పు పక్క సిల్వరాడో ట్రెయిల్ దానికి సమాంతరంగానే పోతుంది, మధ్యలో అడ్డరోడ్లున్నాయి. పొద్దున్నే ఉత్తరం కొసన ఉన్న కాలిస్టోగా దాకా వెళ్లిపోయి, అక్కణ్ణుంచి కిందికి దిగుతూ రండి. ఉత్తరానికి పోయేకొద్దీ చల్లగా ఉంటుందనుకుని స్వెట్టర్లు మోసుకెళ్తారు జనం. నాపాలో అంతా రివర్స్. దక్షిణాన కార్నెరోస్‌కి శాన్ పాబ్లో బే మీంచి పొగమంచు, చల్లగాలి వస్తాయి, అందుకే అక్కడ పినో నువార్, షార్డొనే ద్రాక్షలు పండిస్తారు. కాలిస్టోగా ఎండాకాలంలో పెనం.

గోదారి గాలి:
రూట్ సరే, ముందు అపాయింట్‌మెంట్లు తీసుకోండి. మా అమ్మానాన్నల్ని తీసుకెళ్తే ఒక వైనరీవాళ్లు గేటు దగ్గరే ఆపేశారు. లోపల బల్లలన్నీ ఖాళీగా కనిపిస్తూనే ఉన్నాయి! 'రిజర్వేషన్ లేకుండా కుదరదు' అంది ఆ పిల్ల, నవ్వుతూనే. ఎండలో నాన్న మొహం చూడాల్సింది.

సిల్వరాడో సుబ్బడు:
ఆ పిల్ల తప్పు కాదులెండి. 1990లో కౌంటీ రూల్ పెట్టింది, ఆ తర్వాత వచ్చిన వైనరీలు ముందుగా చెప్పి వచ్చినవాళ్లకే టేస్టింగ్ ఇవ్వాలి.

గోదారి గాలి:
రూల్ ఉంటే ఉండనీయండి, పెద్దవాళ్లకి కాసిని మంచినీళ్లు ఇవ్వకూడదని కూడా రాశారా అందులో?

రెండో గ్లాసు:
ఉమ్మడం గురించి అడిగారు కదా. నేను డబ్ల్యూఎస్ఈటీ అనే వైన్ కోర్సు లెవెల్ 3 చేశాను, కాబట్టి చెప్తున్నా. ఉమ్మితేనే అది టేస్టింగ్, మింగితే తాగుడు. ప్రొఫెషనల్స్ అందరూ ఉమ్ముతారు. అందుకే కదా ప్రతి బల్ల మీదా బకెట్ పెడతారు. నిశ్చింతగా డ్రైవ్ చేసుకోండి.

పప్పుచారు:
మనిషికి అన్నేసి డాలర్లు పోసి ఉమ్మాలా? నా వల్ల కాదు బాబూ.

లెక్కల మాస్టారు:
'నిశ్చింతగా' అనే మాట వెనక్కి తీసుకోండి సార్. ఉమ్మినా నోటి నుంచి కొంత లోపలికి పోతుంది, తెలియకుండా కొంత మింగేస్తాం. ఇక మింగేవాళ్ల లెక్క చూడండి. ఒక్కో పోత సుమారు 30 మిల్లీలీటర్లు, అలాంటివి ఐదు అంటే 150, నిండు గ్లాసు. నాపా కాబర్నే అనే రెడ్ వైన్‌లో ఆల్కహాల్ 14.5 శాతం దాకా ఉంటుంది, అంటే అమెరికా లెక్కలో ఒక డ్రింక్ కంటే ఎక్కువే. మూడు వైనరీలు తిరిగితే దాదాపు మూడున్నర దాటుతుంది. కాలిఫోర్నియాలో డ్రైవర్ రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.08 శాతం. దానికంటే తక్కువున్నా నడక తేడాగా ఉంటే పట్టుకోవచ్చు.

రెండో గ్లాసు:
మాస్టారూ, నేను చెప్పింది ఉమ్మేవాళ్ల గురించి. మీరు మింగేవాళ్ల లెక్క ఎత్తుకున్నారు. మీరు ఎప్పుడైనా సరిగ్గా ఉమ్మి చూశారా? సన్నటి ధారలా పడాలి, అదొక విద్య.

లెక్కల మాస్టారు:
ఆ విద్య హైవే పెట్రోల్ వాళ్లకి చూపించండి. వీసా మీద ఉన్నవాళ్లు ఇది చదవండి: కోర్టులో నేరం రుజువు కానక్కర్లేదు, తాగి నడిపారని అరెస్టయితే చాలు, వీసా రద్దు చేయొచ్చు. తర్వాత ఇండియా వెళ్తే కొత్త స్టాంపింగ్, దానికి మెడికల్. ఒక గుక్క కోసం అంత టెన్షన్ అవసరమా?

రెండో గ్లాసు:
ప్రతిదానికీ వీసా పేరు చెప్పి భయపెట్టడం మనవాళ్లకి అలవాటైపోయింది. నాపా కాబర్నే అంటే నూటికి నూరుపాళ్లు కాబర్నే, అలాంటిది రుచి చూడటానికి కూడా భయపడితే ఇంట్లో కూర్చోవడమే.

హీల్డ్స్‌బర్గ్ పిన్ని:
నూటికి నూరు కాదు నాయనా, లేబుల్ మీద కాబర్నే అని వేయడానికి ఆ ద్రాక్ష 75 శాతం ఉంటే చాలు. లెవెల్ 3లో చెప్పే ఉంటారు.

పప్పుచారు:
😂😂

రెండో గ్లాసు:
నేను మంచి వైన్ల గురించి మాట్లాడుతున్నా పిన్నిగారూ. సరే, ఇక్కడ చెప్పినా ఎవరికీ ఎక్కదు.

హీల్డ్స్‌బర్గ్ పిన్ని:
అలగకు. ఇంత గొడవ దేనికి? సోనోమా కౌంటీలో హీల్డ్స్‌బర్గ్ ప్లాజా చుట్టూ టేస్టింగ్ రూములే, నడిచి తిరగొచ్చు. హోటల్ దగ్గర కారు పెట్టేసి మర్చిపోండి. మర్నాడు దగ్గర్లోని డ్రై క్రీక్ లోయలో జిన్‌ఫాండెల్ అనే రెడ్ వైన్ రుచి చూడండి, ఆ రోజు ఒక్కరు తాగకుండా నడపాలి. రోజుకి మూడు దాటితే ఏది ఏ రుచో నాలుకకి తెలీదు. ఇద్దరికీ కలిపి ఒక టేస్టింగ్ తీసుకోవచ్చేమో అడగండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు.

శాకాహారి శారద:
శాకాహారం సంగతి ఎవరూ పట్టించుకోలేదేం? రెడ్ వైన్‌లో వగరు తగ్గించడానికి కోడిగుడ్డు తెల్లసొన వేస్తారు. కొన్ని వైట్ వైన్లు తేరడానికి చేపల గాలితిత్తుల నుంచి తీసిన పదార్థం వాడతారు. తర్వాత అడుగున పేరుకున్నది తీసేస్తారు, కానీ పట్టింపు ఉన్నవాళ్లకి ముందే తెలియాలి కదా. సీసా మీద రాయాలన్న రూల్ అమెరికాలో లేదు. పోసేవాళ్లనే అడగాలి: బెంటనైట్ అనే మట్టితో తేర్చారా, అసలేమీ వేయలేదా అని. నేను అడిగితే ఒకాయన లోపలికెళ్లి వైన్ చేసే ఆయన్నే పిలుచుకొచ్చాడు.

పప్పుచారు:
ఇన్నాళ్లూ మా అత్తగారికి ద్రాక్షరసమే అని చెప్పి పోస్తున్నా. ఈ పోస్ట్ ఆవిడకి చూపించకండి.

సిల్వరాడో సుబ్బడు:
కాలిస్టోగా వెళ్తే షాటో మోంటెలీనా వైనరీ చూడండి. 1976లో పారిస్‌లో ఫ్రెంచి, కాలిఫోర్నియా వైన్లని పేర్లు దాచి రుచి చూపిస్తే, ఫ్రెంచి జడ్జీలు వీళ్ల 1973 షార్డొనేకే మొదటి స్థానం ఇచ్చారు. రెడ్‌లో మొదటిది కూడా నాపాదే, స్టాగ్స్ లీప్ వైన్ సెల్లర్స్. అదీ నాపా అంటే. సోనోమాకి ఉందా అలాంటిది?

హీల్డ్స్‌బర్గ్ పిన్ని:
ఆ షార్డొనేలో సగానికి పైగా సోనోమా ద్రాక్షే సుబ్బడూ. అడిగి చూడు వాళ్లనే.

వీకెండ్ బాటసారి:
థాంక్స్ అండీ. హీల్డ్స్‌బర్గ్‌లో రూమ్ చూస్తున్నా. కొన్న సీసాలు రోజంతా కార్లో ఉంచితే పాడవుతాయా?

గోదారి గాలి:
ఎండలో కారు డిక్కీ కంటే ఘోరమైన చోటు లేదు. వైన్ వేడెక్కి ఉబ్బితే కార్క్ పైకి లేస్తుంది, అంచునుంచి జిగటగా కారుతుంది. ఒక ఐస్‌బాక్స్ పట్టుకెళ్లండి, లేదా కొనడాలన్నీ చివరి వైనరీలో పెట్టుకోండి. మూత తీసిన సీసా మాత్రం డిక్కీలోనే ఉండాలి, సీటు దగ్గర ఉంటే టికెట్ రాస్తారు.

పప్పుచారు:
మరి ఇండియాకి ఎన్ని తీసుకెళ్లొచ్చు? మా బావ ఆరు అడిగాడు.

లెక్కల మాస్టారు:
డ్యూటీ లేకుండా మనిషికి రెండు లీటర్లు. 750 మిల్లీలీటర్లవి రెండు పడతాయి, మూడోది పెడితే పావు లీటరు ఎక్కువ. చెక్-ఇన్ బ్యాగ్‌లోనే పెట్టాలి. ఆరు సీసాలంటే మీ బావనే వచ్చి తీసుకెళ్లమనండి.