పాత ఏఎస్ నంబర్ తీసేయడం: ఒక్క రాత్రిలోనా, విడతలవారీగానా?

రాయగడ_నోడ్:
మా రాయగడ నెట్‌వర్క్‌ను బరంపురం వాళ్లు కొన్నారు. మా ఏఎస్ నంబర్ (ఇంటర్నెట్‌లో మా నెట్‌వర్క్ గుర్తింపు నంబర్) వదిలేసి వాళ్ల నంబర్ కిందికి వెళ్లాలి. రౌటర్లు రెండే: రాయగడలో ఒకటి, గుణుపురంలో ఒకటి. అప్‌స్ట్రీములు (మాకు ఇంటర్నెట్ ఇచ్చే పెద్ద నెట్‌వర్కులు) విశాఖ వైపు ఒకటి, భువనేశ్వర్ వైపు ఒకటి. మాతో బీజీపీ (నెట్‌వర్కులు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతి) నడిపే కస్టమర్లూ ఉన్నారు, వాళ్ల రౌటర్లు మా చేతిలో లేవు. ఒక్క రాత్రిలో మొత్తం మార్చేద్దామని మా సార్ అంటున్నారు. నాకేమో టెన్షన్. మీరేమంటారు?

జయపురం_ఫైబర్:
సార్ చెప్పిందే సరి. రెండు రౌటర్లకు విడతలెందుకు తమ్ముడూ? లోకల్-ఏఎస్ (పాత నంబర్‌నే కొనసాగించే సెట్టింగ్) పెట్టి "తర్వాత తీసేద్దాం" అంటారు, ఎవరూ తీయరు. లెవెల్ 3 కంపెనీ గ్లోబల్ క్రాసింగ్‌ను 2011లో కొంది. ఆ పాత 3549 నంబర్ ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి ఇంటర్నెట్‌లో తిరుగుతూనే ఉంది.

పర్లాకిమిడి_రూట్:
ఉంటే ఏమైంది అన్నా? కస్టమర్ల లైన్లు ఆగలేదు కదా. లోకల్-ఏఎస్ పెడితే రౌటర్ లోపల కొత్త నంబర్‌తో నడుస్తుంది, ఆ కస్టమర్‌తో మాత్రం పాత నంబర్‌తోనే మాట్లాడుతుంది. అవతల ఒక్క లైను మార్చనక్కర్లేదు. 2015లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 7705లో ఈ పద్ధతంతా ఉంది. మామూలుగా పెడితే దారిలో రెండు నంబర్లూ పడి పాత్ పొడవు పెరుగుతుంది, ట్రాఫిక్ మీరు అనుకోని లైన్‌కు మళ్లుతుంది. అందుకే నో-ప్రిపెండ్ (వచ్చే రూట్లకు పాత నంబర్ తగిలించకుండా), రీప్లేస్-ఏఎస్ (వెళ్లే రూట్లలో కొత్త నంబర్ బదులు పాతదే చూపేలా) రెండూ కలిపి పెట్టాలి.

కోరాపుట్_నైట్‌షిఫ్ట్:
ఇద్దరూ రౌటర్ దగ్గరే కొట్టుకుంటున్నారు. అసలు దెబ్బ ఆర్వోఏ (ఏ ఐపీ అడ్రసులను ఏ ఏఎస్ నంబర్ ప్రకటించొచ్చో చెప్పే రికార్డు) దగ్గర తగులుతుంది. ఇప్పుడు మీ ప్రిఫిక్సులకు (ఐపీ అడ్రసుల బ్లాకులకు) ఉన్న ఆర్వోఏ పాత నంబర్ పేరిట ఉంటుంది కదా. రీప్లేస్-ఏఎస్ మర్చిపోయారనుకోండి, అప్‌స్ట్రీముకు ఆరిజిన్‌గా (రూట్ మొదలైన చోటుగా) కొత్త నంబర్ కనిపిస్తుంది. ఆ క్షణమే రూట్ ఇన్‌వ్యాలిడ్. చెక్ చేసే నెట్‌వర్కులు దాన్ని పారేస్తాయి. మీ రౌటర్లో సెషన్లన్నీ (బీజీపీ కనెక్షన్లన్నీ) పచ్చగానే ఉంటాయి, ఫోన్లు మాత్రం మోగుతూనే ఉంటాయి.

ఒకే ప్రిఫిక్స్‌కు రెండు నంబర్లతోనూ ఆర్వోఏలు ఉండొచ్చు, ఏ ఒక్కటి సరిపోయినా వ్యాలిడే. కాబట్టి ఐరిన్‌లో (మన దేశ ఐపీ అడ్రసుల రిజిస్ట్రీలో) కొత్తది ముందే చేర్చండి, పాతదాన్ని ముట్టుకోకండి. రూట్ ఆబ్జెక్టులూ (అప్‌స్ట్రీములు ఫిల్టర్లు తయారుచేసుకునే రికార్డులు) అంతే. రోజుకోసారి మాత్రమే ఫిల్టర్లు మార్చుకునే అప్‌స్ట్రీములు ఉంటాయి, మార్పు రోజు పొద్దున చేర్చి లాభం లేదు.

రాయగడ_నోడ్:
అయితే ముందు రాయగడ రౌటర్ మార్చి, వారం చూసి గుణుపురం మార్చనా?

పర్లాకిమిడి_రూట్:
ఆ పని మాత్రం వద్దు. విడతలు కావాలని వాదించేది నేనే, అయినా చెప్తున్నా. రెండింటి మధ్య ఉన్న ఐబీజీపీ (ఒకే నంబర్ లోపలి బీజీపీ) పోయి ఈబీజీపీ (వేర్వేరు నంబర్ల మధ్య బీజీపీ) అవుతుంది. పైగా రాయగడలో నో-ప్రిపెండ్ లేకపోతే అక్కడి కస్టమర్ రూట్లకు పాత నంబర్ తగులుతుంది. గుణుపురం ఇంకా పాత నంబర్‌లోనే ఉంటుంది కాబట్టి "ఇది నా నంబరే, లూప్" అనుకుని వాటిని తీసుకోదు. రెండు రౌటర్లూ ఒకే రాత్రి మార్చండి, బయటి సెషన్లు ఒక్కొక్కటిగా తర్వాత.

జయపురం_ఫైబర్:
అంటే నేను చెప్పిన ఒక్క రాత్రికే వచ్చావు!

పర్లాకిమిడి_రూట్:
సగం దూరం వచ్చాను. కస్టమర్లను ఆ రాత్రి కదపనివ్వను.

కోరాపుట్_నైట్‌షిఫ్ట్:
సెషన్ దించేముందు రూట్లకు 65535:0 కమ్యూనిటీ ("ఈ లైను దించబోతున్నాం" అనే గుర్తు) తగిలించండి. అవతలివాళ్లు దాన్ని పాటిస్తే ఆ రూట్లను చివరి ఎంపికగా పెట్టుకుంటారు, ట్రాఫిక్ ముందే రెండో లైనుకు తప్పుకుంటుంది. ఆ రెండో లైను బతికి ఉండాలి సుమా. అక్టోబరులో మాత్రం పెట్టుకోకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను ఎలా చేసిందో మన వైపు వాళ్లకు చెప్పాలా.

జయపురం_ఫైబర్:
సరే, కస్టమర్లకు లోకల్-ఏఎస్ ఒప్పుకుంటా. ఒక్కొక్కరిది ఏ తేదీకి తీస్తారో ముందే రాసి సార్ చేత సంతకం పెట్టించు. తేదీ లేనిదానికి నేను ఒప్పుకోను.

రాయగడ_నోడ్:
తేదీ అడగడానికి ఇవాళ ఒక కస్టమర్‌కు ఫోన్ చేశాను. వాళ్ల రౌటర్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో వాళ్లకే తెలీదట.

జయపురం_ఫైబర్:
అదిగో, 3549 రెండో భాగం మొదలైంది.

పర్లాకిమిడి_రూట్:
ఉండనీ అన్నా. వాళ్ల నెట్ ఆగట్లేదుగా.