కుంకుడు రసమా, కంప్యూటరా? రికార్డు చిటపటలు పోయే దారేది?

నల్లకుంట_వాసి: నాన్నగారి నాదస్వరం ఎల్పీ (పెద్ద గ్రామఫోను రికార్డు) కడిగినా చిటపటలు పోవడం లేదు. మోనో రికార్డు, అంటే ఒకే ఛానలుది; వేగం నిమిషానికి 33⅓ చుట్లు. కంప్యూటరులోకి ఎక్కించి చప్పుడు తీసేయమని కొందరు, వద్దని కొందరు. ఏది మేలు?

పాత_గాడి: ముందు గడియారం చూస్తూ వినండి. చప్పుడు ప్రతి 1.8 సెకన్లకూ వస్తుంటే అది గీత. రికార్డు ఒక చుట్టు తిరిగేందుకు పట్టే సమయం అంతే. గీతను ఏ నీళ్లూ పోగొట్టలేవు. వరుస లేకుండా చిటపటమంటే దుమ్మో, స్థిర విద్యుత్తో. మన ఎండాకాలపు పొడి గాలిలో రికార్డును కవరులోంచి తీయగానే చేతి వెంట్రుకలు లేచి నిలబడతాయి. ఇంతకీ దేనితో కడిగారు?

నల్లకుంట_వాసి: బోరు నీళ్లు, కుంకుడు రసం. చప్పుడుకు వరుస లేదు.

పాత_గాడి: బోరు నీళ్లు ఆరిన బకెట్టుకు తెల్లగా పట్టేది చూశారు కదా? అదే మీ రికార్డు గాడిలో, అంటే ముల్లు నడిచే సన్నని చాలులో, గట్టిపడింది. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటరుతో మళ్లీ కడగండి. కుంకుడు రసం మానండి.

మల్కాజిగిరి_శ్రోత: కుంకుడు రసం ఏం చేసిందండీ? మా అమ్మ పట్టుచీరలు దానితోనే ఉతికేది. పట్టుకు లేని హాని ప్లాస్టిక్కుకు ఉంటుందా?

పాత_గాడి: హాని అనలేదు. ఆరాక మిగిలే జిగట గురించి అంటున్నాను.

మల్కాజిగిరి_శ్రోత: వడకట్టడం తెలిస్తే జిగట మిగలదు.

సంత_రికార్డులు: స్పిరిటుతో తుడవండి, తళతళలాడుతుంది.

పాత_గాడి: దయచేసి ఇలాంటి సలహాలు ఇవ్వకండి! పాత 78 వేగం రికార్డులు లక్కతో చేసినవి. స్పిరిటు లక్కను కరిగిస్తుంది. ఒక మరమ్మతు దుకాణంలో మా మేనమామ రికార్డులు అలాగే తుడిచారు. గుడ్డకు అంటిన నలుపు దుమ్ము కాదు, గాడే. వాటిలోని హోరు కూడా మురికి కాదు, లక్కలో కలిపిన రాతిపొడి వల్ల వచ్చేది.

తార్నాక_రికార్డింగ్: అసలు ప్రశ్నకు వద్దాం. మోనో రికార్డులో పాట గాడికి అడ్డంగా మాత్రమే చెక్కి ఉంటుంది. రెండు ఛానళ్ల స్టీరియో ముల్లు పైకీ కిందికీ జరిగే కదలికనూ పట్టుకుంటుంది. అందులో పాట ఉండదు, చప్పుడే ఉంటుంది. ఆంప్లిఫయరులో మోనో మీట నొక్కితే రెండు ఛానళ్లూ కలిసి అది రద్దవుతుంది. ఇంకా మిగిలితే కంప్యూటరులో తీయండి.

మల్కాజిగిరి_శ్రోత: కంప్యూటరు మాత్రం వద్దు. డోలు దెబ్బనూ చిటపటనూ అది ఒకే గాటన కడుతుంది.

తార్నాక_రికార్డింగ్: మోతాదు మించితేనే. ఒక్కొక్క చప్పుడూ ఎంచి తీస్తే దెబ్బకు ఏమీ కాదు. వినకుండానే తీర్పు చెప్పకండి.

మల్కాజిగిరి_శ్రోత: విన్నాకే చెబుతున్నాను. మా తమ్ముడు నాన్న రికార్డులన్నీ ఎక్కించి "శుభ్రం" చేశాడు. మృదంగంలో చాపు అనే దెబ్బ మొద్దుబారింది. ఆపైన ఇక ఇవెందుకని రికార్డులను పాత సామాన్లవాడికి తూకానికి అమ్మేశాడు. నాకు ఒక్క మాటైనా చెప్పలేదు.

తార్నాక_రికార్డింగ్: అయితే మీ కోపం తమ్ముడి మీద. సాఫ్ట్‌వేరును ఎందుకు తిడతారు?

మల్కాజిగిరి_శ్రోత: మా ఇంటి సంగతి మీకు అనవసరం. ఫైలు చేతికొచ్చాకే కదా వాడు వాటిని అమ్మింది!

తార్నాక_రికార్డింగ్: ముల్లు దిగినప్పుడల్లా గాడి ఎంతో కొంత అరుగుతుంది. మీరు ప్రేమతో వాయిస్తూనే అరగదీస్తారు. ఒకసారి మంచి ముల్లుతో ఎక్కించి, రికార్డును నిలువుగా, ఎండ తగలకుండా దాచాలి. మనవలకు ఆ నాదం దక్కాలి.

మల్కాజిగిరి_శ్రోత: దాచినది వారికేం దక్కుతుంది? నాన్న అంచులు పట్టుకుని రికార్డు పెట్టాక, ఆ వైపు అయ్యేదాకా ఇంట్లో ఎవరమూ లేచేవాళ్లం కాదు. ఫైలయితే పిల్లలు రాగం మధ్యలోనే ముందుకు జరిపేస్తున్నారు. అరిగితే అరగనివ్వండి. వినడం పోకూడదు.

పాత_గాడి: ఇద్దరూ చెప్పినది సరే, ముల్లు అరిగిందేమో ముందు చూడండి. అరిగిన ముల్లు గాడిని కోసేస్తుంది.

నల్లకుంట_వాసి: మోనో మీట నొక్కాను, చాలా తగ్గింది. కడిగేటప్పుడు మధ్య కాగితం తడవకుండా ఎలా?

పాత_గాడి: నీళ్లు పోయకండి. మెత్తని గుడ్డ తడిపి, గాడి వెంబడే గుండ్రంగా తుడవండి. పూర్తిగా ఆరాకే కవరులో పెట్టండి.