1978 సెస్నా 172ఎన్, పాత హెచ్2ఏడీ ఇంజన్: కొనాలా, వదిలెయ్యాలా?

కొత్తరెక్కలు:
అందరికీ నమస్కారం. డాలస్ దగ్గర ఉంటాను. ప్రైవేట్ పైలట్ లైసెన్సు ఉంది, ఇన్నాళ్లూ అద్దె విమానాలే. ఇప్పుడు ముగ్గురు స్నేహితులం కలిసి 1978 మోడల్ సెస్నా 172ఎన్ ఒకటి చూస్తున్నాం. అడుగుతున్నది 88 వేల డాలర్లు. పెయింట్ బాగుంది, రేడియోలు కొత్తవి, సీట్లు మార్పించాడు. ఇంజన్ లైకమింగ్ కంపెనీది, ఓ-320-హెచ్2ఏడీ. 1998లో ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచెయ్యడం) అయ్యాక 1,310 గంటలు తిరిగింది. కంప్రెషన్ (సిలిండర్ గాలిని ఎంత పట్టి ఉంచుతుందో చూసే టెస్టు) నాలుగు సిలిండర్లకీ 80కి 74 పైనే ఉంది. ఓనరు పెద్దాయన, 2019 నుంచి పెద్దగా ఎగరలేదు. విమానం సముద్రం ఒడ్డున గాల్వెస్టన్ దగ్గర ఆరుబయటే ఉంది. ఐదేళ్లలో లాగ్‌బుక్‌లో ఎక్కింది ఇరవై గంటల చిల్లర. "నెలకోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు తిప్పేవాణ్ణి, ఇంజన్ హుషారుగా ఉంది" అంటున్నాడు. మీరేమంటారు?

ఫ్రిస్కో_చిన్నోడు:
ముందు ఇంట్లో చెప్పావా బ్రో? ఇంజన్ సంగతి తర్వాత చూద్దాం.

లాగ్‌బుక్_రావు:
వద్దండీ. హెచ్2ఏడీ అని చదవగానే ఆ యాడ్ మూసెయ్యాల్సింది. 1977 నుంచి 1980 దాకా వచ్చిన 172ఎన్‌లలో ఈ ఇంజన్ పెట్టారు. క్యామ్‌షాఫ్ట్ (వాల్వుల్ని తెరిపించే ఇరుసు), దాని మీద ఆనే ట్యాపెట్లు అరిగే జబ్బు దీనికి మొదటినుంచీ ఉంది. 1981లో 172పీ వచ్చేసరికి సెస్నాయే దీన్ని వదిలేసి డీ2జే అనే వేరే ఇంజన్‌కి మారింది. పైగా రెండు మాగ్నెటోలూ (ఇంజన్‌కి నిప్పురవ్వ ఇచ్చేవి) ఒకే డబ్బాలో, ఒకే షాఫ్ట్ మీద తిరుగుతాయి. ఆ షాఫ్ట్ పోతే రెండూ పోయినట్టే. ఇక 1998 ఓవర్‌హాల్ అంటారా, లైకమింగ్ సర్వీస్ ఇన్‌స్ట్రక్షన్ 1009 చదవండి. ఓవర్‌హాల్‌కి గడువు 2,000 గంటలు లేదా పన్నెండేళ్లు. ఆ పన్నెండేళ్లు 2010లోనే అయిపోయాయి. మీరు కొంటున్నది గడువు తీరిన ఇంజన్.

టాకోమీటర్:
రావు గారూ, 1009 అనేది కంపెనీ సలహా, చట్టం కాదు. సొంతానికి పార్ట్ 91 (ప్రైవేట్‌గా ఎగిరేవాళ్ల రూల్స్) కింద ఎగిరేవాడికి టీబీఓ, అంటే ఆ ఓవర్‌హాల్ గడువు, తప్పనిసరి కాదు. ఏటా యాన్యువల్ తనిఖీ చేసి ఐఏ (తనిఖీ అధికారం ఉన్న మెకానిక్) సంతకం పెడితే ఇంజన్ చట్టరీత్యా ఎగరడానికి పనికొస్తుంది. "గడువు తీరిన ఇంజన్" అనేది మీరు కల్పించిన మాట.

హెచ్2ఏడీకి ఉన్న చెడ్డ పేరంతా తొలి రోజులది. తర్వాత క్యామ్‌కి ఆయిల్ బాగా అందేలా మార్పులు చేశారు. ఎల్‌డబ్ల్యు-16702 అడిటివ్ కలపాలని, లేదంటే అది ముందే ఉన్న ఆయిల్ వాడాలని ఎఫ్ఏఏ (అమెరికా ప్రభుత్వ విమానయాన సంస్థ) ఏడీ, అంటే తప్పక పాటించాల్సిన ఆదేశం, ఇచ్చింది. అవి పాటిస్తూ వారానికోసారి ఎగిరినవాళ్ల దగ్గర ఈ ఇంజన్లు టీబీఓ దాటి నడుస్తున్నాయి.

ఇంకో సంగతి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ కోస్టల్ కమాండ్ బాంబర్ల రిపేర్ల లెక్కలు వాడింగ్టన్ అనే శాస్త్రవేత్త తీశాడు. 50 గంటల తనిఖీ చేసిన వెంటనే రిపేర్లు తగ్గకపోగా పెరిగాయని తేలింది. బాగున్న ఇంజన్ని తారీఖు చూసి విప్పడం అంటే కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటమే.

లాగ్‌బుక్_రావు:
తప్పనిసరి కాదంటే మంచిదని అర్థమా? పన్నెండేళ్లు అని ఆ ఇంజన్ తయారుచేసినవాడే రాశాడు. మీకంటే వాడికి తక్కువ తెలుసా?

టాకోమీటర్:
ఆ కాగితంలో ప్రైవేట్ ఓనరు "చేసి తీరాలి" అని ఎక్కడుందో ఒక్క లైను చూపించండి.

లాగ్‌బుక్_రావు:
లైను కాదండీ, బుర్ర కావాలి.

గోదారి_పైలట్:
ఇద్దరూ పన్నెండేళ్ల దగ్గరే చక్కర్లు కొడుతున్నారు. ఆయన అడిగింది గాల్వెస్టన్‌లో ఐదేళ్లు కూర్చున్న ఇంజన్ గురించి కదా.

రెంచ్_బాబాయ్:
ఏ అండ్ పీ (లైసెన్సున్న విమాన) మెకానిక్‌ని, హ్యూస్టన్ చుట్టుపక్కలే పని. గోదారి అన్న మాటే అసలు మాట.

లైకమింగ్‌లో క్యామ్‌షాఫ్ట్ క్రాంక్‌షాఫ్ట్‌కి పైన ఉంటుంది. ఇంజన్ ఆపాక దాని మీది ఆయిల్ కిందికి జారిపోతుంది. వారాల తరబడి కదపకపోతే ఉత్త ఇనుము, దాని పక్కనే సముద్రపు తేమ. తుప్పు చుక్కలు పడతాయి. మళ్లీ ఎగరడం మొదలుపెట్టాక ఆ చుక్కల దగ్గర ట్యాపెట్ ముఖం పొలుసులుగా రాలుతుంది, అది క్యామ్‌ని తినేస్తుంది. నెలకోసారి పది నిమిషాలు తిప్పడం ఇంకా చెడ్డ పని. కాలిన పెట్రోలు నుంచి వచ్చే నీరు లోపల చేరుతుంది, ఆవిరై పోయేంత వేడి ఆయిల్‌కి రాదు. ఆ పెద్దాయన మంచి ఉద్దేశంతోనే చేసి ఉంటాడు. కానీ ఊరికే వదిలేసినా ఇంతకంటే నయం.

74 కంప్రెషన్ చూసి మురిసిపోకు తమ్ముడూ. ఆ టెస్టు చేసేటప్పుడు వాల్వులు రెండూ మూసి ఉంటాయి. రింగులు, వాల్వుల సంగతి చెబుతుంది తప్ప క్యామ్ గురించి ఒక్క ముక్క చెప్పదు.

ఇక్కడే హెచ్2ఏడీలో ఒక మేలు ఉంది. మిగతా లైకమింగ్‌లలో చాలావాటికి ట్యాపెట్ తియ్యాలంటే ఇంజన్ కేసు రెండుగా విడగొట్టాలి. ఇందులో బయటినుంచే లాగొచ్చు. రాకర్, పుష్‌రాడ్, దాని గొట్టం తీసి, ట్యాపెట్ బయటికి తీసి, దాని అడుగు ముఖం వేలితో తడిమి చూడాలి. అద్దంలా నున్నగా ఉంటే సరే, గరుకు తగిలితే ఇంజన్ అయిపోయినట్టే. ఆ కన్నంలోంచి బోరోస్కోప్ (సన్నటి కెమెరా) పెడితే క్యామ్ లోబ్ (ట్యాపెట్‌ని తోసే ఉబ్బు) కూడా కనిపిస్తుంది. ఆయిల్ ఫిల్టర్ కోసి మడతలు విప్పి, కడిగిన మురికిలో అయస్కాంతం తిప్పు. కొనేముందు ఇవి చేయించు. ఒప్పుకోకపోతే ఇంజన్‌కి సున్నా విలువ కట్టి బేరం ఆడు.

కొత్తరెక్కలు:
థాంక్స్ బాబాయ్, చాలా తెలిసింది. ఓనరుని అడిగాను. ఫిల్టర్ కొయ్యడానికి సరే అన్నాడు. ట్యాపెట్లు మాత్రం తియ్యనివ్వడట. "ముక్కూమొహం తెలియని మెకానిక్‌ని నా ఇంజన్ మీద చెయ్యి వెయ్యనివ్వను" అన్నాడు.

టాకోమీటర్:
అందులో ఆయన తప్పేముంది? మీరు విప్పించి, కొనకుండా వెళ్లిపోతే? గొట్టం సీలు కారితే ఎవరు బాగుచేస్తారు? ఫిల్టర్ శుభ్రంగా ఉంటే కొనెయ్యండి. క్యామ్ అరిగినా ఇంజన్ ఒక్కసారిగా ఆగిపోదు. పవర్ మెల్లగా తగ్గుతుంది, ఫిల్టర్‌లో మెటల్ కనిపిస్తుంది. అప్పుడు ఓవర్‌హాల్ చేయించుకోవచ్చు.

లాగ్‌బుక్_రావు:
ఇరవై గంటలే తిరిగిన ఇంజన్ ఫిల్టర్ శుభ్రంగా కాక ఎలా ఉంటుంది? తుప్పు ఉందా లేదా అనేది ఎగరడం మొదలుపెట్టిన తర్వాత కదా బయటపడేది! బాబాయ్ అంత వివరంగా రాశాక కూడా "కొనెయ్యండి" అంటున్నారంటే, మీరేమన్నా అమ్మేవాడి బ్రోకరా?

టాకోమీటర్:
మాట జాగ్రత్త. మీలాంటి వాళ్లు భయపెడితేనే నేను బాగున్న ఇంజన్ తీసి ఓవర్‌హాల్‌కి ఇచ్చాను. 1,900 గంటలు, చుక్క ఆయిల్ కారలేదు. ఆ షాపువాళ్లు ఎనిమిది నెలలు పెట్టుకున్నారు. తిరిగొచ్చిన కొత్త ఇంజన్ మొదటి ఆయిల్ మార్పుకే మెటల్ కక్కింది. నలభై వేల డాలర్లు పోసి టెన్షన్ కొనుక్కున్నాను. అందుకే ఎవరైనా "ఓవర్‌హాల్" అంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఫ్రిస్కో_చిన్నోడు:
పాప్‌కార్న్ తెచ్చుకుంటున్నా.

లాగ్‌బుక్_రావు:
మీకు షాపుతో గొడవైతే ఈ అబ్బాయికి తుప్పు ఇంజన్ అంటగడతారా? నా సంగతీ వినండి. మేం నలుగురం కలిసి ఒక చెరోకీ కొన్నాం. అప్పుడూ ఇవే మాటలు, "కండిషన్ చూసుకుంటూ నడిపిద్దాం, అప్పటికి చూద్దాం". ఆ "అప్పుడు" రెండో ఏడే వచ్చింది. ఒకాయనకి ఉద్యోగం పోయింది. ఒకాయన ఇల్లు కొన్నాడు. ఇంకొకాయన "నేను ఎగిరింది తక్కువ, నా వాటా తక్కువ" అన్నాడు. విమానం హ్యాంగర్లో కూర్చుంది, అద్దె మాత్రం నేను కట్టాను. చివరికి ఇంజన్ లేని రేటుకి అమ్మేశాం. ఆ ముగ్గురిలో ఇద్దరితో ఇప్పటికీ మాటల్లేవు.

కాబట్టి నా గొడవ పన్నెండేళ్ల గురించి కాదు, మాగ్నెటో గురించి కూడా కాదు. ఇంజన్ పోయిన రోజు నలభై వేలు మీ ముగ్గురిలో ఎవరు, ఎంతెంత పెడతారు? ఆ డబ్బు ఇవాళ బ్యాంకులో ఉందా? టాకోమీటర్ గారు ఒక్కరే ఓనరు, ఆయనకి నచ్చినట్టు నడుపుకోవచ్చు. పొత్తులో అలా కుదరదు.

టాకోమీటర్:
ఇది మొదటి పోస్టులోనే రాసి ఉంటే ఇంత రచ్చ ఉండేది కాదు కదండీ. పొత్తు విషయంలో మీతో నాకు పేచీ లేదు. ఇంజన్ విషయంలో నా మాట నాదే.

కొత్తరెక్కలు:
మాది అలాంటి పొత్తు కాదు రావు గారూ, కాలేజీ నుంచి స్నేహితులం. ఒకతను సిటిజన్, నాకు గ్రీన్‌కార్డ్ ఉంది, మూడో అతనిది హెచ్1బీ. రిజిస్ట్రేషన్ మా ఇద్దరి పేరు మీద పెట్టి, వాటాలు మాత్రం సమానం అనుకున్నాం.

గోదారి_పైలట్:
అదేంటి, హెచ్1బీ వాళ్ల పేరు పెట్టకూడదా?

రెంచ్_బాబాయ్:
ఎఫ్ఏఏ రిజిస్ట్రేషన్‌కి వ్యక్తులైతే సిటిజన్ కావాలి, లేదా గ్రీన్‌కార్డ్ ఉండాలి. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు నేరుగా పేరు పెట్టుకోలేరు. ట్రస్టు, కంపెనీ దారులున్నాయి గానీ వాటికి లాయరు, ఖర్చు.

కేటీ_గాలిపటం:
ఆ మూడోవాణ్ణి నేనే. లింకు ఎవరో వాట్సాప్‌లో పంపితే చూశాను.

ఒరేయ్, ఇంజన్ ఐదేళ్లు కూర్చుందని నాకెప్పుడు చెప్పావు? "1,310 గంటలే, ఇంకా ఏడొందలు ఉంది" అన్నావు. ఓనరు ట్యాపెట్లు తియ్యనివ్వలేదన్న సంగతి కూడా ఇక్కడ చదివి తెలుసుకోవాలా? కాగితం మీద పేరుండదు, ఇంజన్ పోతే మూడోవంతు మాత్రం నాది. నా వీసా అటూ ఇటూ అయ్యి ఇండియా వెళ్లిపోవాల్సి వస్తే నా వాటా ఎవరు కొంటారు, ఏ రేటుకి?

కొత్తరెక్కలు:
ఫోన్ చెయ్యరా. ఇక్కడొద్దు.

కేటీ_గాలిపటం:
ఇక్కడే చెప్పు. నాకంటే వీళ్లకే ఎక్కువ చెప్పావుగా.

లాగ్‌బుక్_రావు:
గాలిపటం బాబూ, డబ్బు ఇచ్చేశారా?

కేటీ_గాలిపటం:
అడ్వాన్సులో నా వాటా ఇచ్చాను సార్. ఇంకా సంతకాలు ఏమీ కాలేదు.

రెంచ్_బాబాయ్:
కొట్టుకోకండి అబ్బాయిలూ. ఓనరుకి ఇంకో మాట చెప్పి చూడండి. ట్యాపెట్లు ఆయన నమ్మే మెకానిక్ చేతే తీయించమనండి, కూలీ మీరిస్తామనండి, సీలు కారితే ఆ ఖర్చూ మీదేనని రాసివ్వండి. ముగ్గురూ దగ్గరుండి చూడండి. వీలైతే నేనూ వస్తాను, కాఫీ ఇప్పిస్తే చాలు.

టాకోమీటర్:
ఇది న్యాయంగా ఉంది. ఆయన ఖర్చు మీరు భరిస్తామన్నాక కూడా వద్దంటే నేనైనా కొనను.

లాగ్‌బుక్_రావు:
హమ్మయ్య. లాయరు దగ్గర పొత్తు కాగితం రాయించుకోకుండా మాత్రం ఆ ట్యాపెట్ జోలికి కూడా వెళ్లకండి. ఎవరైనా తప్పుకుంటే వాటా విలువ ఎలా కట్టాలి, గంటకి ఎంత ఇంజన్ ఫండ్‌లో వెయ్యాలి, అంతా అందులో ఉండాలి. ఫండ్ గంటకి ఇరవై డాలర్లు చాలదు. నలభై వేలని 2,000 గంటలతో భాగిస్తే ఇరవై వస్తుంది నిజమే, కానీ మీ ఇంజన్‌కి 2,000 గంటలు మిగల్లేదు.

ఫ్రిస్కో_చిన్నోడు:
ఆ యాడ్ ఇప్పుడే చూశా. రేటు 81 వేలకి దించాడు.

టాకోమీటర్:
చూశారా, బేరం కుదిరేలా ఉంది.

లాగ్‌బుక్_రావు:
అడక్కుండానే ఏడువేలు ఎందుకు దించాడో కనుక్కోండి ముందు.